ఊరి ముందర వంద ఎందుకు?

కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి
శ్రీ నితిన్ గడ్కరీ గారికి,



దేశంలో ఏ బండి ఏ దారి మీద ఎంత వేగంతో పోవచ్చో చెప్పే పట్టికను మీ శాఖ 2018 ఏప్రిల్ 6న ప్రకటించింది. దారి పొడవునా ఎక్కడపడితే అక్కడ ఎక్కే వీల్లేకుండా కట్టిన ఎక్స్‌ప్రెస్‌వే మీద కారుకు గంటకు 120 కిలోమీటర్లు. నడుమ డివైడర్ ఉన్న నాలుగు వరసల దారి మీద 100. మున్సిపాలిటీ రోడ్ల మీద 70, మిగతా దారులన్నిటి మీదా 70. బస్సుకు ఇవే 100, 90, 60, 60. లారీకి 80, 80, 60, 60. నాలుగు వరసల దారి మీద బైకుకు 80, ఆటోకు 50. దేశం మొత్తానికీ పై హద్దు ఇదే. ఈ పట్టిక అడిగేవి రెండే ప్రశ్నలు: బండి ఏ రకం? దారి ఏ రకం? ఆ దారి పక్కన ఎవరు బతుకుతున్నారు, పొద్దున లేచి దాన్ని ఎవరు దాటుతున్నారు అనే ప్రశ్న అందులో ఎక్కడా లేదు. నేను రాస్తున్నది ఆ ప్రశ్న గురించే.

2024 డిసెంబరులో మీరు లోక్‌సభలో మాట్లాడుతూ, అంతర్జాతీయ సమావేశాల్లో రోడ్డు ప్రమాదాల మాట వచ్చినప్పుడు ముఖం దాచుకోవాల్సి వస్తోందన్నారు. ప్రమాదాలు తగ్గించాలనుకున్నామనీ, తగ్గించలేకపోయామనీ ఒప్పుకున్నారు. మీరూ మీ కుటుంబమూ ఒక పెద్ద ప్రమాదానికి గురై బయటపడ్డ సంగతి కూడా ఆ రోజు చెప్పారు. అంత పెద్ద పదవిలో ఉన్నవాళ్లు సభలో అలా మాట్లాడటం నేను ఎక్కువగా చూడలేదు. ఆ మాటల మీద గౌరవంతోనే ఇది మీకు రాస్తున్నాను.

మాది హైవే పక్క ఊరు. దారికి ఇటు ఇళ్లు, బడి, పాల కేంద్రం. అటు పొలాలు, చెరువు, శ్మశానం. నాలుగు వరసలు వేసిన నాడు ఇల్లు ఒక పక్కకూ పని ఇంకో పక్కకూ అయిపోయాయి. పత్తి ఏరే రోజుల్లో పొద్దుగూకే వేళకు డివైడర్ దగ్గర నిలబడితే మీకే కనిపిస్తుంది. కూలికి పోయిన ఆడవాళ్లు అయిదారుగురు ఒక గుంపుగా చేని గట్టు దిగి వస్తారు. చేతిలో సద్దిగిన్నెల సంచి, నడుముకు చుట్టుకున్న పత్తి ఒడి. మొదటి సగం దాటి డివైడర్ ఎక్కి, గన్నేరు చెట్ల మధ్య నిలబడతారు. అక్కడ రెయిలింగు వంగిపోయి ఉంటుంది, అడుగులు పడీపడీ మట్టి గట్టిపడి ఉంటుంది. అధికారుల పటంలో లేని దారి అది, ఊరికి మాత్రం రోజువారీ దారి. గుంపులో పెద్దామె ఎడమ చెయ్యి అడ్డం చాచి మిగతావాళ్లను ఆపుతుంది. వచ్చే లైట్ల వంక చూస్తుంది. "ఆ లారీని పోనియ్యిండ్రి. ఎనక కారొస్తున్నది, ఆగుండ్రి. ఇగ నడువుండ్రి, నడువుండ్రి" అంటుంది. అందరూ ఒక్కసారి కదులుతారు.

ఆమె అక్కడ నిలబడి చేస్తున్నది ఎంత కష్టమైన లెక్కో చూడండి. రెండు వరసలు, పక్కన తారు వేసిన అంచు కలిపితే సగం దారి వెడల్పు తొమ్మిది మీటర్ల దగ్గర ఉంటుంది. రోజంతా వంగి పత్తి ఏరిన అరవై ఏళ్ల మనిషి సెకనుకు మీటరు నడిస్తే అదే గొప్ప. అంటే దాటడానికి తొమ్మిది సెకన్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ తొమ్మిది సెకన్లలో 250 మీటర్లు వస్తుంది. కాబట్టి ఆమె క్షేమంగా అవతలికి చేరాలంటే పావు కిలోమీటరు దూరంలో ఉన్న రెండు లైట్లను చూసి, అది కారో లారీనో పోల్చుకుని, ఎంత వేగంతో వస్తోందో ఆ మసక చీకట్లో అంచనా కట్టాలి. అదే కారు 50లో వస్తే ఆమె చూసుకోవాల్సిన దూరం 125 మీటర్లు. అది మనిషి కంటికి అందే దూరం.

ఇక స్టీరింగ్ పట్టుకున్నవాడి సంగతి. ఎదుట మనిషి ఉన్నట్టు గుర్తించి కాలు బ్రేకు మీదికి పోవడానికి రెండున్నర సెకన్లు పడుతుందని మన రహదారుల ఇంజినీర్లే లెక్క వేస్తారు. వంద వేగంలో ఆ రెండున్నర సెకన్లలోనే బండి 70 మీటర్లు పోతుంది. అప్పటికి బ్రేకు ఇంకా పడలేదు. పడ్డాక ఆగడానికి మరో 110. మొత్తం 180 మీటర్లు. యాభైలో అయితే మొత్తం 60 మీటర్లు చాలు. వేగం రెండింతలైతే ఆగే దూరం మూడింతలవుతోంది. రోడ్డు మలుపులూ ఎత్తులూ గీసేటప్పుడు ఇంజినీర్లు వాడేది ఈ లెక్కలే. దారి గీసేటప్పుడు వాడిన లెక్క ఊరి ముందు వేగం ఎంతుండాలో నిర్ణయించేటప్పుడు ఎందుకు వాడరని నా ప్రశ్న.

ఇందులో నన్ను అన్నిటికంటే బాధపెట్టే సంగతి ఒకటుంది. డివైడర్ దగ్గర ఆ గుంపు నిలబడ్డప్పుడు ఒక కారు 98లో వచ్చిందనుకోండి. ఏదైనా జరిగితే నిర్లక్ష్యం కింద కేసు పెట్టొచ్చు, అది వేరే సంగతి. కానీ వేగం విషయంలో ఆ డ్రైవరు చట్టాన్ని మీరలేదు. పట్టిక వంద అంది, అతను వంద దాటలేదు. మీ శాఖ ప్రచురించిన లెక్కల ప్రకారం 2022లో ఈ దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 71 మంది చావుకు కారణమని రాసిన గడిలో 'అతివేగం' అని ఉంది. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు దాదాపు రెండు శాతం. చావుల్లో మాత్రం మూడో వంతుకు పైగా వాటి మీదే. 'అతివేగం' అని రాసినప్పుడు దేనికి అతి? బోర్డు మీద ఉన్న అంకెకా, ఆ చోటుకు తగిన వేగానికా? హద్దు దాటి పోయినవాళ్లను చలానాతో దారికి తేవచ్చు. హద్దే ఆ చోటుకు తగనిదైతే ఏ కెమెరా ఏం చేస్తుంది?

వేగ పరిమితులు ఊరికో తీరుగా, దారికో తీరుగా ఉన్నాయని చాలామంది విసుక్కుంటారు. నేను విసుక్కోను. అలా ఉండటమే న్యాయం. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లు. ఎనిమిది వరసలు, రెండు పక్కలా కంచె. బైకులకూ నడిచేవాళ్లకూ ప్రవేశం లేదు. 2023లో అక్కడ కార్ల పరిమితిని 100 నుంచి 120కి పెంచారు. నాకు అభ్యంతరం లేదు. అదే ఏడాది నగరంలో డివైడర్ ఉన్న రోడ్ల మీద కార్లకు 60, లేనిచోట 50, కాలనీ రోడ్లలో ఏ బండికైనా 30 అని పెట్టారు. అదీ సబబే. ముంబయి-పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద మైదానంలో కార్లకు వంద, బోర్‌ఘాట్ దగ్గర 60. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద మామూలు రోజుల్లో కార్లకు వంద. చలికాలపు పొగమంచులో డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి నడిమి దాకా 75కి దించుతారు, లారీలకు 60. కేరళ 2023 జులై నుంచి తన పట్టిక తానే సవరించుకుంటూ బైకుల పరిమితిని 70 నుంచి 60కి తగ్గించింది. కొండ వస్తే తగ్గింది, మంచు వస్తే తగ్గింది, ఇళ్లు వస్తే తగ్గింది. మరి హైవే మీద ఊరు వస్తే ఎందుకు తగ్గదు?

వేగాన్ని చోటుకు తగ్గట్టు కట్టడి చెయ్యడం మన తెలుగువాళ్లకు కొత్త కూడా కాదు. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కిన ప్రతి బండివాడికీ తెలుసు. అలిపిరి దగ్గర బండి ఆపి టైము వేసిన చీటీ చేతికిస్తారు. పైకి పోవడానికి కనీసం 28 నిమిషాలు, కిందికి దిగడానికి 40 నిమిషాలు పట్టాలి. అంతకంటే ముందు చేరితే అవతలి చెకింగ్ దగ్గర నిలదీస్తారు. ఇందులో ఎంత తెలివుందో గమనించండి. దారి పొడవునా కెమెరాలు అక్కర్లేదు, చెట్టు చాటున స్పీడ్ గన్ పట్టుకుని ఎవరూ నిలబడక్కర్లేదు. ఇటు ఒక గడియారం, అటు ఒక గడియారం. తొందరగా చేరితే ఎక్కడో వేగంగా తోలినట్టే, ఎక్కడ తోలాడో రుజువు చెయ్యనక్కర్లేదు. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు ఎక్కువ సమయం పెట్టడంలో కూడా ఆ కొండ తెలిసిన మనిషి ఆలోచన ఉంది. బండి అదుపు తప్పేది దిగేటప్పుడే, బ్రేకులు వేడెక్కేది దిగేటప్పుడే. వంపుల్లో వేగంగా తోలి, చివర్లో ఆగి టైము నింపుకునేవాళ్లు కొందరు ఉంటారు, ఆ లోపం ఒప్పుకుంటాను. అయినా గంటల తరబడి ప్రయాణం చేసి, దర్శనం తొందరలో ఉన్న జనాన్ని కూడా నెమ్మదిగా తోలేలా చేస్తున్నది ఆ చిన్న చీటీ.

ఇప్పుడు ఆ చీటీ దేశమంతటా ప్రతి కారు అద్దం మీదా అతికించి ఉంది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేసింది మీ శాఖే. హైదరాబాద్-విజయవాడ దారి మీద పంతంగి టోల్‌గేటు దాటిన క్షణమూ, కొర్లపహాడ్ దాటిన క్షణమూ, చిల్లకల్లు దాటిన క్షణమూ కంప్యూటర్‌లో నమోదవుతున్నాయి. అరవై కిలోమీటర్ల దూరాన్ని అరగంటలో దాటినవాడు సగటున 120 తోలినట్టు ఏ సాక్షీ లేకుండా తేలిపోతుంది. మధ్యలో టీకి ఆగినవాడు ఇందులో దొరకకపోవచ్చు. కానీ దొరికినవాడు మాత్రం నూటికి నూరుపాళ్లు హద్దు దాటినవాడే. డబ్బులు వసూలు చెయ్యడానికి పనికొచ్చిన గడియారం ప్రాణం కాపాడటానికీ పనికొస్తుంది. మోటారు వాహనాల చట్టంలో దీనికి చోటుంది. ఎలక్ట్రానిక్ నిఘా కోసం 136ఏ సెక్షన్ తెచ్చారు, 2021లో నిబంధనలూ రాశారు.

అయితే ఒక మాట. కెమెరా పెట్టే చోటికి ముందు హెచ్చరిక బోర్డు కనిపించేలా ఉండాలని ఆ నిబంధనల్లోనే ఉంది. మంచి నిబంధన. అసలు వేగం ఎంతో చెప్పే బోర్డు సంగతి ఏమిటి? హైవే పక్క హోటల్లో ఒక లారీ డ్రైవరుతో మాట్లాడుతుంటే ఊళ్ల దగ్గర ఎందుకు తగ్గించరని అడిగాను. "బోర్డు ఏడున్నది సార్? కనవడితె గద తగ్గించేది. ఊరొచ్చిందని నాకు ఎట్ల తెలుస్తది, గేదె అడ్డమొస్తె తెలుస్తది" అన్నాడు. అతను అన్నది నిజం. చెట్ల కొమ్మలు పెరిగి కప్పేసిన బోర్డులు ఉన్నాయి. రంగు వెలిసి 80 అని ఉందో 60 అని ఉందో తెలియనివి ఉన్నాయి. ఎప్పుడో మరమ్మతు పని జరిగినప్పుడు పెట్టిన 40 బోర్డు పని అయిపోయాక కూడా అక్కడే ఉండిపోతుంది. దాన్ని దాటి అందరూ తొంభైలో పోతుంటారు. అలాంటి బోర్డు డ్రైవర్లకు నేర్పేది ఒక్కటే: బోర్డుల మీది అంకెలు పట్టించుకోనక్కర్లేదని. ఆ తర్వాత నిజంగా అవసరమైన చోట 40 అని రాసినా ఎవరూ నమ్మరు. రోడ్డు గుర్తుల కోడు ప్రకారం అంకెను ఎర్రటి చుట్టులో పెట్టాలి, అది సరే. దాని కింద 'ఊరు ఉంది, మనుషులు దాటుతారు' అని తెలుగులో ఒక ముక్క రాస్తే తగ్గించడానికి కారణం కూడా డ్రైవరుకు తెలుస్తుంది. కారణం తెలిసినవాడు ఎక్కువగా మాట వింటాడు.

ఇక్కడే చట్టంలోని మెలిక మీ దృష్టికి తేవాలి. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం పై హద్దు పెట్టేది కేంద్రం. ఆ హద్దు లోపల, ప్రజల భద్రత కోసం ఏ ప్రాంతంలోనైనా ఏ దారి మీదైనా తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. తగ్గిస్తే ఆ సంగతి తెలిపే గుర్తులు దారి మీద పెట్టాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. కాగితం మీద చక్కగా ఉంది. నేల మీద ఏం జరుగుతోంది? జాతీయ రహదారి కట్టించేది కేంద్రం. దాన్ని చూసుకునేది టోలు వసూలు చేసుకునే కంపెనీ. చలానా రాసేది రాష్ట్ర పోలీసు. ఊరి ముందు వేగం తగ్గించమని మేము అర్జీ పెడితే రహదారి మాది కాదు కేంద్రానిదని ఒకరు, నోటిఫికేషన్ ఇవ్వాల్సింది రాష్ట్రమని ఇంకొకరు, ఉత్తర్వు వస్తేనే బోర్డు పెడతామని మరొకరు. ఏ ఒక్కరూ అబద్ధం చెప్పడం లేదు. పని మాత్రం జరగడం లేదు. రోడ్డు రూపకల్పనలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే సంబంధిత అధికారిని, కాంట్రాక్టరును లక్ష రూపాయల దాకా జరిమానాకు బాధ్యులను చేస్తూ 2019లో 198ఏ సెక్షన్ తెచ్చారు. వేగం గుర్తు లేకపోవడాన్ని కూడా ఆ లోపాల కింద లెక్కించాలని మీ శాఖ ఒక్క స్పష్టమైన ఉత్తర్వు ఇస్తే ఈ ముగ్గురిలో ఒకరైనా కదులుతారు.

పట్టికలో ఇంకో చిక్కు ఉంది. అదే నాలుగు వరసల మీద కారు 100, బస్సు 90, లారీ 80, ఆటో 50. ఇవి పై హద్దులు. నిజానికి కూలీలను ఎక్కించుకున్న ఆటో 35లో పోతుంటుంది. వడ్ల బస్తాలు వేసుకున్న ట్రాక్టరు పాతికలో పోతుంటుంది, చాలాసార్లు వెనక లైటు కూడా ఉండదు. వందలో వచ్చే కారు పాతికలో పోయే ట్రాక్టరు మీదికి 75 వేగంతో దూసుకొస్తున్నట్టే లెక్క. వరి కోతలప్పుడు రోడ్డు అంచున వడ్లు ఆరబోస్తారు, మిర్చి సీజన్లో కల్లాలు రోడ్డు దాకా వస్తాయి. అలా ఆరబోయడం తప్పే. ఆ తప్పు ఆపే లోపు అక్కడ బండ్లు నెమ్మదిగా పోవాలి కదా. బెంగళూరు-మైసూరు దారి మీద 2023 ఆగస్టు నుంచి బైకులనూ ఆటోలనూ ట్రాక్టర్లనూ ప్రధాన దారి మీదికి రానివ్వడం ఆపారు. వేగమైనవాటినీ నెమ్మదైనవాటినీ విడదీయడం మంచి పద్ధతే. కానీ సర్వీస్ రోడ్డు తెగకుండా ఊరి నుంచి ఊరికి ఉంటేనే అది న్యాయం. చాలాచోట్ల సర్వీస్ రోడ్డు బ్రిడ్జి దగ్గర హఠాత్తుగా ఆగిపోతుంది. అప్పుడు ఆటోవాడు రాంగ్ రూట్‌లో హైవే ఎక్కుతాడు. యూటర్న్ మూడు కిలోమీటర్ల అవతల ఉంటే చేనికి పోయే బైకు కూడా రాంగ్ రూట్‌లోనే వస్తుంది. అండర్‌పాస్ కట్టిన చోట కూడా వానాకాలం మోకాల్లోతు నీళ్లు నిలిస్తే జనం మళ్లీ పైకే ఎక్కుతారు.

ఒకే 'జాతీయ రహదారి' అన్న పేరు కింద ఎన్ని రకాల దారులున్నాయో మీకు తెలుసు. హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా బీజాపూర్ వైపు పోయే 163వ నంబరు దారి పెద్ద మర్రిచెట్ల మధ్య ఏళ్ల తరబడి రెండు వరసలతోనే ఉండిపోయింది. అదీ జాతీయ రహదారే, నాగపూర్ నుంచి హైదరాబాద్ మీదుగా కర్నూలు, అనంతపురం దాటి పోయే 44వ నంబరూ జాతీయ రహదారే. రెండు వరసల చోట పట్టిక ప్రకారం కారుకు 70. ఎదురుగా బండ్లు వచ్చే దారిలో, చెట్ల మొదళ్లు తారును తాకుతున్న చోట, 70 కూడా ఎక్కువే. దారులు గీసే కోడులో మైదానానికి వంద, గుట్టల నేలకు 80, కొండకు 50, నిట్రమైన కొండకు 40 అని నేల తీరును బట్టి వేగం లెక్కించి వంపులు గీస్తారు. వేగ పరిమితుల పట్టికలో మాత్రం కొండ అన్న మాటే లేదు. కొండకు తగ్గించుకునే పని రాష్ట్రాలకు వదిలేశారు. కొన్ని చేస్తున్నాయి, కొన్ని చెయ్యడం లేదు.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. ప్రతి ఊరి దగ్గరా తగ్గిస్తూ పోతే హైవే ఎందుకు, వేల కోట్లు పెట్టి వేసింది వేగంగా పోవడానికే కదా అంటారు. లెక్క వేద్దాం. ఊరి ముందు ఒక కిలోమీటరు దూరం వందలో పోతే 36 సెకన్లు. యాభైలో పోతే 72 సెకన్లు. తేడా 36 సెకన్లు. తగ్గించడానికీ మళ్లీ అందుకోవడానికీ ఇంకొంచెం కలుపుకోండి. హైదరాబాద్ నుంచి విజయవాడకు 270 కిలోమీటర్ల దారిలో మనుషులు దాటక తప్పని ఊళ్లు పది ఉన్నాయనుకున్నా మొత్తం ప్రయాణంలో కలిసేది ఏడెనిమిది నిమిషాలు. సంక్రాంతి ముందు రోజు పంతంగి దగ్గర క్యూలో అంతకంటే ఎక్కువసేపే నిలబడతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాలు పోయే ప్రమాదాలు నాలుగు శాతం పెరుగుతాయి. తగ్గించినా అదే దామాషా పనిచేస్తుంది. ఆ ఏడెనిమిది నిమిషాలు ఇవ్వడానికి హైవే మీద పోయే ఏ మనిషైనా సిద్ధపడతాడని నా నమ్మకం, ఎందుకు ఇవ్వాలో అతనికి చెబితే.

మా ఊళ్ల పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. అక్కడ పల్లెల మీదుగా పోయే రాష్ట్ర రహదారుల మీద ఊరు దగ్గరపడుతుంటే ముందే హెచ్చరిక బోర్డు పెడతారు. 70 మైళ్ల వేగం 55కు, 45కు, ఊళ్లోకి వచ్చేసరికి 35కు మెట్లు మెట్లుగా దిగుతుంది, ఊరు దాటగానే అలాగే ఎక్కుతుంది. ఇక్కడ నూరు తోలే పిల్లలే అక్కడ ఆ మెట్లు దిగుతున్నారు. చేతులు అవే, అలవాటూ అదే. తేడా అంతా దారి వాళ్లకు ముందుగా చెప్పడంలో ఉంది.

2021లో రెండు సంగతులు జరిగాయి. మద్రాసు హైకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో 2018 నోటిఫికేషన్‌ను కొట్టేస్తూ తీర్పిచ్చింది, అయినా ఆ పట్టికే నడుస్తోంది. అదే ఏడాది మీరు, ఎక్స్‌ప్రెస్‌వేల మీద 140 ఉండాలన్నది మీ వ్యక్తిగత అభిప్రాయమని చెప్పారు. అప్పటి నుంచి చర్చంతా 80, 100, 120, 140 చుట్టూ తిరుగుతోంది. నా వరకు కంచె ఉన్న, మనుషులు ఎక్కలేని దారి మీద 120 ఇచ్చినందుకు నాకు ఫిర్యాదు లేదు. 140 మాత్రం వద్దు. మన కార్ల టైర్లు, మన డ్రైవింగ్ శిక్షణ, రాత్రిపూట దారి మీద ఆగిపోయిన లారీలు చూసినవాడిగా చెబుతున్నాను. కానీ ఎక్స్‌ప్రెస్‌వే అంకె మీద ఎంత వాదించుకున్నా పత్తి చేను నుంచి ఇంటికి పోయే ఆ గుంపుకు ఒరిగేదేమీ లేదు. వాళ్లు దాటేది ఎక్స్‌ప్రెస్‌వే కాదు. ఆ చర్చలో సగం శ్రద్ధ నాలుగు వరసల దారి పక్క ఊళ్ల మీద పెట్టమని వేడుకుంటున్నాను.

2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో రోడ్డు భద్రత మీద జరిగిన ప్రపంచ సమావేశానికి మీరు స్వయంగా వెళ్లారు. నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు బండ్లతో తరచూ కలిసే చోట వేగం 30 దాటకూడదని అక్కడి ప్రకటనలో రాశారు. ఎక్కువ వేగం క్షేమమని గట్టి రుజువు ఉన్న చోటుకే మినహాయింపు. నేను 30 కూడా అడగడం లేదు. నాలుగు వరసల దారి మీద మనుషులు దాటే ప్రతి ఊరి ముందూ, ఫుట్ ఓవర్ బ్రిడ్జో నీళ్లు నిలవని అండర్‌పాసో కట్టే దాకా, 50 పెట్టమంటున్నాను. 2018 పట్టికలో 'జనావాసం మీదుగా పోయే నాలుగు వరసల దారి' అని ఇంకో వరస చేర్చండి. అది చేరిస్తే ఏ రాష్ట్రమూ మరో రాష్ట్రం వైపు చూడాల్సిన పని లేదు. అరకిలోమీటరు ముందు 80, తర్వాత 60, తర్వాత 50 అని మెట్లుగా బోర్డులు, ఊరు దాటాక మళ్లీ వంద బోర్డు. ఆ చివరి బోర్డు కూడా ముఖ్యమే. ఎక్కడిదాకా తగ్గించాలో తెలిసినవాడే ఓపికగా తగ్గిస్తాడు.

పట్టిక మార్చడానికి సమయం పడుతుందని నాకు తెలుసు. అందాకా ఆగనక్కర్లేదు. నెల రోజులకు మించని తగ్గింపుకు గెజిట్ నోటిఫికేషన్ కూడా అవసరం లేదని 112వ సెక్షన్ లోనే ఉంది. సంక్రాంతి రద్దీకి, మేడారం జాతరకు జనం పోయే రోజుల్లో ములుగు దారికి, శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే భక్తుల కోసం, పత్తి తీతకూ వరి కోతకూ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఈ వెసులుబాటు ఈ ఏడే వాడుకోవచ్చు. అలా వాడుకోమని మీ శాఖ నుంచి రెండు రాష్ట్రాల రవాణా శాఖలకూ ఒక ఉత్తరం పోతే కలెక్టర్లు, ఎస్పీలు కదులుతారు. బోర్డులు పెట్టే ఖర్చు టోలు కంపెనీల నిర్వహణ ఒప్పందంలోనే చేర్చండి.

మొదటి పత్తి తీత అక్టోబరులో మొదలవుతుంది. ఈ రెండు రాష్ట్రాల్లో జాతీయ రహదారుల మీద జనం డివైడర్ దాటే చోట్ల జాబితా ఆ లోపు తయారు చేయించండి. జాబితాకు పెద్ద సర్వే అక్కర్లేదు. రెయిలింగు ఎక్కడ వంగి ఉందో, గన్నేరు చెట్ల మధ్య మట్టి ఎక్కడ గట్టిపడి ఉందో టోలు కంపెనీ పెట్రోలింగ్ బండి ఒక్క వారంలో రాసుకొస్తుంది. రాసుకొచ్చిన చోటల్లా 50 బోర్డు పాతించండి.

ఇట్లు,
హైవే పక్క ఊరి నివాసి